గీతలున్న బండే చూడు

అనంతపురం

మేనకోడలికి,

నువ్వు పంపిన ఫోటోలు రాత్రి ఒకటికి నాలుగుసార్లు చూశాను. రెండూ సెకండ్ హ్యాండ్ ఎక్స్‌పల్స్ 200 బండ్లే. ఒకదాని ట్యాంకు నిండా గీతలు, క్లచ్ లివర్ కొస విరిగి ఉంది. రెండోదానికి కొత్త పెయింటు, కొత్త స్టిక్కర్లు, పైగా ఐదు వేలు తక్కువ. నీ మనసు రెండోదాని మీదే ఉందని మెసేజ్ చదవగానే తెలిసింది. నాకు మాత్రం మొదటిదే నచ్చిందమ్మా.

మట్టిలో తిరిగే బండి పడుతుంది. నేర్చుకునే రోజుల్లో పూటకు రెండుసార్లు పడుతుంది. లివర్ విరిగితే కొత్తది వేసుకుంటాం, అంతే. కొత్త పెయింటు కింద ఏముందో మాత్రం పెయింటు వేయించినవాడికే తెలుసు.

పదేళ్ల కిందట నేనూ మెరిసేదాన్నే కొన్నాను. హీరో ఇంపల్స్, 150 సీసీ. 2011లో వచ్చిన బండి. సెకండ్ హ్యాండులో చవగ్గా దొరికేది. 30 వేలు పోసి తెచ్చుకున్నాను. వారం తిరక్కుండానే ఇంజిన్‌లో గరగర మొదలైంది. మెకానిక్ ఆయిల్ దించాడు. నల్లగా రావాల్సింది పాలు ఎక్కువైన టీలా పళ్లెంలోకి జారింది. ఎవరో ఏటి నీళ్లలోకి దింపితే ఎయిర్ ఫిల్టర్ దాటి నీళ్లు లోపలికి పోయాయట. పైన తుడిచి, రంగేసి నాకు అంటగట్టారు. బోరు, పిస్టన్, క్రాంక్ బేరింగులకు ఇంకో 18 వేలయ్యాయి. డబ్బు పోతే పోయింది, ఆ వేసవంతా బండి షెడ్డులోనే ఉండిపోయింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది నాకు.

అందుకే ముందు ఆయిల్ మూత తీసి చూడు. మూత లోపలి వైపు తెల్లటి నురగలాంటి జిగురు పట్టి ఉంటే అక్కడినుంచి వచ్చేయ్. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పించు, అడుగున బురద ఎండిన గీత ఉందేమో చూడు. ముందు బ్రేకు పట్టి హ్యాండిల్‌ను నాలుగుసార్లు గట్టిగా కిందికి నొక్కి, ఫోర్కు రాడ్డు మీద వేలితో రుద్ది చూడు. వేలికి ఆయిల్ అంటితే సీళ్లు పోయినట్టు. అది పెద్ద ఖర్చు కాదు, ధర తగ్గించమని అడుగు. తరవాత చిన్న స్పానర్‌తో చక్రం పుల్లలు ఒక్కొక్కటీ మీటు. బిగువుగా ఉన్నది టింగుమంటుంది, వదులైంది టక్కుమంటుంది. నాలుగైదు టక్కుమంటే రిమ్ము సొట్టబోయి ఉండొచ్చు, చక్రం తిప్పి చూడు.

సీటు ఎత్తు గురించి మా అక్కయ్య భయపడుతోంది. 823 మిల్లీమీటర్లు, నిజమే, నీ రెండు పాదాలూ పూర్తిగా ఆనవు. ఆనక్కర్లేదు. సీటు అంచుకు జరిగి ఒక కాలు ఆనిస్తే చాలు. అసలు తెలియాల్సింది పడిన బండిని లేపడం. గేరులో వేసి, వీపు సీటుకు ఆనించి, ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో వెనక గ్రాబ్ రైలు పట్టుకుని కాళ్ల బలంతో వెనక్కి నడవాలి. కుడివైపు పడితే ముందే సైడ్ స్టాండు వేయాలి, లేకపోతే లేచిన బండి అవతలికి పడుతుంది. 150 కిలోలు దాటిన బండి, నడుముతో లేపావంటే మంచమే.

కాగితాల దగ్గర మొహమాటపడకు. ఆర్సీలోని ఛాసిస్ నంబరు బండి మీది నంబరుతో సరిపోవాలి. లోనుంటే బ్యాంకు ఎన్వోసీ, ఫారం 35 ఇవ్వాలి. 29, 30 ఫారాల మీద సంతకాలయ్యాకే డబ్బు చేతికియ్యి. 30 రోజుల్లోపు పేరు మార్పుకు పెట్టుకోవాలి, ఇన్సూరెన్సుకైతే 14 రోజులే గడువు. పాత చలానాలు అమ్మేవాడే కట్టాలి.

చేతిలో ఉన్నదంతా బండికే పోసేయకు. మంచి హెల్మెట్, చీలమండ దాటే బూట్లు, మోకాలి గార్డులు ముందు కొను. చైన్ స్ప్రాకెట్‌కీ, టైర్లకీ కొంత పక్కన పెట్టు.

ఒక్క మాట వినాలి. వికారాబాద్ వైపు అడవిలోకి మాత్రం బండి దించొద్దు. రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా పోవడం నేరం, ఆ సంగతి అలా ఉంచినా అక్కడి జీవాలకు మన సైలెన్సర్ మోత ఎందుకు? ఎండాకాలం మన చెరువు ఎండిపోతుంది కదా, అక్కడ నేర్పుతాను. టైర్లలో గాలి కాస్త తగ్గించి, ఫుట్‌రెస్టుల మీద నిలబడి, మోకాళ్లు వదులుగా ఉంచి నెర్రెల మీద పోతుంటే, 21 అంగుళాల ముందు చక్రం రాళ్లెక్కి దిగుతుంటే, ఆ ఆనందం నీకూ తెలియాలి. అందుకే ఇంత రాస్తున్నాను.

శనివారం పొద్దున్నే హైదరాబాద్‌లో దిగుతాను. మనం వెళ్లేదాకా బండి స్టార్టు చేయొద్దని అమ్మేవాడికి గట్టిగా చెప్పు. ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూస్తాను, వెచ్చగా ఉంటే టీ తాగి ఇంటికొచ్చేద్దాం.

మీ మామయ్య