ఈల ఊదువాని కన్ను

మిషను బడులలో చదివిన మనలో అనేకులము ఫుట్‌బాలు ఆడియున్నాము. రెఫరీ మాటకు సణుగుకొనుచునే లోబడితిమి. తప్పు జరిగినను ఆయన కన్ను తప్పినదే గాని మనస్సు తప్పలేదని నమ్మితిమి.

జర్మనీ దేశములో 2004 ఆగస్టు 21న ఆ నమ్మకము అమ్ముడుపోయెను. పాడర్‌బోర్న్ అను చిన్న జట్టుతో జరిగిన కప్పు పోటీలో పేరుగల హాంబర్గ్ జట్టు రెండు గోలులు ముందుండెను. రెఫరీ రాబర్ట్ హోయ్‌జర్ హాంబర్గ్ ఆటగాని నొకని బయటికి పంపెను. చిన్న జట్టుకు రెండు పెనాల్టీలిచ్చెను. పాడర్‌బోర్న్ 4-2తో గెలిచెను. బలహీనులు గెలిచిరని మనమైనను సంతోషించియుందుము.

అయితే బలహీనుని మీద పందెము కాసినవానికే, గెలిచిన యెడల, ఎక్కువ సొమ్ము ముట్టును. లంచము ఆ త్రోవనే వచ్చెను. బెర్లినులో పందెములు కాయు ఆంటె సపీనా వలన హోయ్‌జరుకు పలు ఆటల నిమిత్తము ముట్టినది 67,000 యూరోలు, ఒక టెలివిజను. టెలివిజనుకు కూడ ఆశపడెను!

నిర్గమకాండము 23:8 లంచమువలన కలుగు గ్రుడ్డితనమును గూర్చి హెచ్చరించుచున్నది. ఇతడో, చూచుచునే ఈల ఊదెను. పెనాల్టీ ఒక్క మనిషి నిర్ణయము గనుక, పొరపాటునకును మోసమునకును భేదము బయటివారికి కనబడదు. తోటి రెఫరీలకు కనబడెను. నలుగురు ధైర్యము చేసి అధికారులకు తెలిపిరి. తమవానిని గూర్చి చెప్పుట ఎంత కష్టమో సంఘపు లెక్కలు చూచిన పెద్దలకు తెలియును.

2005 జనవరిలో అతడు ఒప్పుకొనెను. నవంబరులో కోర్టు అతనికి రెండేండ్ల అయిదు నెలలు, సపీనాకు రెండేండ్ల పదకొండు నెలలు జైలుశిక్ష విధించెను. హాంబర్గ్ జట్టుకు నష్టపరిహారము దొరికెను గాని, ఆ ఆట మరల ఆడింపబడలేదు.