మాటల మాస్టారు

వార్తాపత్రికను పండితులూ చదువుతారు. అప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్నవారూ చదువుతారు. ఇద్దరికీ ఒకేలా అర్థమయ్యేటట్లు రాయడం తేలిక కాదు. ఆ విద్యను తెలుగు విలేకరులకు నేర్పినవారిలో ముఖ్యులు డాక్టర్ బూదరాజు రాధాకృష్ణ. పత్రికల వారికి గురువైన ఆయన మొదట తెలుగు అధ్యాపకుడు, భాషాశాస్త్రవేత్త.

రాధాకృష్ణ 1932లో వేటపాలెంలో జన్మించారు. ఆ ఊరు ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. నేతపనికీ, 1918లో వెలసిన సారస్వత నికేతన గ్రంథాలయానికీ అది పేరు పొందింది. చదువు ముగించిన తరువాత రాధాకృష్ణ చీరాల కళాశాలలో తెలుగు బోధించారు. క్రీ.శ. 1100 వరకు వెలువడిన తెలుగు శాసనాల భాషపై పరిశోధన చేశారు. ఆ గ్రంథం 1971లో ఇంగ్లీషులో అచ్చయింది.

శాసనాలు చదివిన పండితునికీ, వార్తలు రాసే విలేకరికీ పొత్తు ఏమిటి? దానశాసనాన్ని చూడండి. ఎవరు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు, ఏమి ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు అనే సంగతులు అందులో ఉంటాయి. నేటి వార్తలోనూ పాఠకుడు ముందుగా వెదికేది ఇవే. రాతి మీద చెక్కేవాడు మాటను వృథా చేయడు. విలేకరీ అంతే పొదుపరి కావాలి.

ఆ రోజుల్లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశాలను వెలువరించింది. రైతులు, నేతగాళ్లు, కుమ్మరులు తమ పనిలో వాడే మాటలను వారి నోటినుంచే విని రాసుకోవడం ఈ పని పద్ధతి. ఈ వరుసలో ఇంటి నిర్మాణానికి సంబంధించిన సంపుటాన్ని రాధాకృష్ణ సిద్ధం చేశారు. దూలం, వాసం, చూరు, నిట్రాట వంటి మాటలకు గురువులు వడ్రంగులు, తాపీపనివారే. ఒకే వస్తువుకు ఒక్కొక్క ప్రాంతంలో ఒక్కొక్క పేరు ఉంటుంది. ఏదీ తక్కువది కాదు.

తరువాత ఆయన హైదరాబాదులోని తెలుగు అకాడమీలో పనిచేశారు. కళాశాల చదువులకు తెలుగులో పుస్తకాలు సిద్ధం చేయడానికి ఏర్పడిన సంస్థ అది. 1988లో పదవీ విరమణ చేశాక ఈనాడు జర్నలిజం స్కూలుకు ప్రిన్సిపాల్ అయ్యారు. ఎందరో యువ విలేకరులు అక్కడ ఆయన దగ్గర పాఠాలు విన్నారు.

పత్రికారచన నేర్చుకునేవారికి రెండు చిక్కులు ఎదురవుతాయి. మొదటిది అనువాదం. ఇంగ్లీషు వార్తను మాటకు మాటగా దించితే “వంతెన మంత్రిచేత ప్రారంభించబడినది” అని వస్తుంది. తెలుగువారు అలా మాట్లాడరు. “మంత్రి వంతెనను ప్రారంభించారు” అంటారు. రెండవది కొత్త మాటలు. రైలును “ధూమశకటం” అన్నవారున్నారు. జనం మాత్రం రైలనే అన్నారు. పత్రికలూ అదే రాశాయి. అలాగని ప్రతిచోటా ఇంగ్లీషు మాట దించనక్కరలేదు. “ఎగుమతి”, “దిగుమతి” వంటి చక్కని మాటలు ఉండగా వేరే మాట దేనికి? ఏ మాట ఉంచాలో, ఏది వదలాలో చెప్పేది వాడుకే.

రాధాకృష్ణకు ఇష్టమైనవి ఏవో ఆయన పుస్తకాలే చెబుతాయి. మాటల పుట్టుక, వాటి అర్థంలో వచ్చే మార్పులు, జాతీయాలు ఆయనకు ప్రీతి. మహాకవి శ్రీశ్రీపై పుస్తకం రాశారు. “వ్యావహారిక భాషావికాసం” అనే గ్రంథంలో వాడుకభాష ఎదిగిన తీరును వివరించారు. వ్యాకరణ భాషకు పెద్దదిక్కైన పరవస్తు చిన్నయసూరి జీవితాన్నీ రాశారు. తన దారికి భిన్నమైన దారిలో నడిచినవారి గొప్పతనాన్ని తెలుసుకోవడం నిజమైన పండితుని లక్షణం. తప్పు కనిపిస్తే మొగమాటం లేకుండా చెప్పేవారని కూడా ఆయనకు పేరు.

ఇక్కడ గమనించదగిన సంగతి ఒకటుంది. చిన్నయసూరి పాఠాలు చెప్పింది మద్రాసులో. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి ఉపాధ్యాయుడుగా పనిచేసింది నేటి ఒడిశాలోని పర్లాకిమిడిలో. తెలుగు వచనాన్ని తీర్చిన ఈ రెండు దారులూ నేటి తెలుగు రాష్ట్రాల ఎల్లలకు వెలుపలి ఊళ్లలోనే బలపడ్డాయి. కనుక ఎల్లల అవతల మాట్లాడే తెలుగు పరాయి తెలుగు కాదు.

రాధాకృష్ణ 2006లో కన్నుమూశారు. ఇంటి మాటను చిన్నచూపు చూడకూడదు. పదిమందికి రాసేటప్పుడు పదిమందికీ తెలిసే మాట ఎంచుకోవాలి. ఆయన చేసిన పనినుంచి మనం నేర్చుకోవలసిన పాఠం ఇదే.

అర్థాలు

శాసనం = రాతిమీద, రాగిరేకుమీద చెక్కించిన రాత
మాండలికం = ఒక ప్రాంతంలో వాడే భాష
నిట్రాట = ఇంటి కప్పును మోసే నిలువు స్తంభం
ఎల్ల = సరిహద్దు

ప్రశ్నలు

1. దానశాసనానికీ వార్తకూ ఉన్న పోలిక ఏమిటి?
2. వృత్తిపదాలను ఎవరినుంచి, ఎలా సేకరిస్తారు?
3. “వాడుకే మాటకు తీర్పరి” – ఈ మాటను ఉదాహరణలతో సమర్థించండి.
4. కింది వాక్యాన్ని వాడుక తెలుగులో రాయండి: “బహుమతులు ప్రధానోపాధ్యాయుని చేత పంచబడినవి.”

చేయండి

మీ ఊరిలో ఒక వృత్తి చేసేవారిని కలిసి, వారు వాడే పది మాటలు రాసుకోండి. వాటిలో పొరుగు భాషనుంచి వచ్చినవి ఏవో గుర్తించండి.