కోడి గురక విన్నారా?

అది వానాకాలం. రాత్రి అన్నాలు తినడం అయింది. ఊరు సద్దుమణిగింది. కోడలు గిన్నెలు కడిగి లోపలికి వస్తూ కోళ్ల గూడు పక్కన ఆగింది.

"అత్తా, ఒకసారి ఇటు రా."

"ఏందమ్మాయ్? పాము గాని వచ్చిందా?"

"పాము కాదు. మాట్లాడకుండా విను."

ఇద్దరూ చెవి పెట్టి విన్నారు. గూట్లోంచి చిన్న చప్పుడు వస్తోంది. గుర్... గుర్... మధ్యలో ఒక తుమ్ము. మళ్లీ గుర్... గుర్...

అత్త గుండె ఝల్లుమంది.

పోయిన ఏడాది కూడా ఇట్లాగే మొదలైంది. అప్పుడు ఆమెకు 14 కోళ్లు ఉండేవి. 5 రోజుల్లో 11 చచ్చాయి. ఆ కోళ్లు ఆమె సొంత డబ్బు. గుడ్లు అమ్మితే ఉప్పు, పప్పు, సబ్బు వచ్చేవి. పుంజును అమ్మితే సంఘంలో కట్టే వాయిదా వచ్చేది. ఎవరి ముందూ చెయ్యి చాచే పని లేకపోయింది. కోళ్లు పోయాక ప్రతి రూపాయికీ కొడుకును అడగాల్సి వచ్చింది. ఏడాది తిప్పలు పడి మళ్లీ 12 కోళ్లను చేసుకుంది.

"రేపు సంత. తెల్లారేసరికి అన్నిటినీ గంపకెత్తుదాం. చచ్చేలోపు అమ్మేస్తే నాలుగు రూపాయలన్నా వస్తాయి" అంది అత్త.

కోడలు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగింది.

"అత్తా, పోయినేడు తెగులు మనింటికి ఎట్లా వచ్చింది?"

"సంతలో ఒక నల్ల పెట్టను కొన్నా కదా. ఎవరో ఒకామె చవగ్గా ఇచ్చింది. మూడో నాడు అది చచ్చింది. వారం తిరిగేసరికి మిగతావి పట్టుకున్నాయి..."

అత్త మాట మధ్యలోనే ఆగిపోయింది. ఆ నల్ల పెట్టను అమ్మినామె కూడా ఇట్లాగే రాత్రి గురక విని ఉంటుంది. ఇట్లాగే తెల్లారి గంపకెత్తి ఉంటుంది.

"వద్దులే. సంతకు వద్దు" అంది అత్త.

ఆ రాత్రి ఏం చేశారు?

కోడలు లైటు తెచ్చింది. అత్త ఒక్కో కోడిని తీసి చెవి దగ్గర పెట్టుకొని వింది. గూట్లో అన్నీ కలిసి ఉంటే ఏది గురక పెడుతుందో తెలియదు. చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది. రెండు పెట్టలు గురక పెడుతున్నాయి. వాటి ముక్కుల్లో చీమిడి ఉంది. ఒకదాని కన్ను కింద కొంచెం ఉబ్బింది.

ఆ రెండింటినీ ఇంటికి అవతలి పక్క, పొడి చోట, వేరే గంప కింద పెట్టారు. వాటికి వేరే మూకుట్లో నీళ్లు పెట్టారు. అత్తా కోడళ్లు సబ్బుతో చేతులు కడుక్కున్నారు.

రోగం పేరు తెలియకముందే చేయాల్సిన పని ఇది. ముందు వేరు చేయాలి. తర్వాత పేరు అడగాలి.

కోడి ఊపిరి మన ఊపిరి లాంటిది కాదు

మనకు రొమ్ముకూ పొట్టకూ మధ్య ఒక కండ పొర ఉంటుంది. అది కిందికీ పైకీ కదిలి గాలిని లాగుతుంది. కోడికి ఆ పొర లేదు. రొమ్ము ఎముక కదిలితేనే దానికి గాలి ఆడుతుంది. అందుకే కోడిని రొమ్ము దగ్గర గట్టిగా అదిమి పట్టుకోకూడదు. ఊపిరాడక చచ్చిపోతుంది. జబ్బు కోడిని పట్టుకునేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. రెండు రెక్కల మీదుగా చేతులు వేసి మెత్తగా ఎత్తాలి.

కోడికి ఊపిరితిత్తులు చిన్నవి. వాటికి తోడుగా 9 గాలి సంచులు ఉంటాయి. అవి పొట్టలోకి కూడా వెళ్తాయి. ముక్కులో మొదలైన రోగం ఈ సంచుల్లోకి దిగితే నయం కావడం కష్టం. కాబట్టి మొదటి రోజునే గుర్తు పట్టాలి.

డాక్టరమ్మ ఏం అడిగింది?

తెల్లారగానే అత్తా కోడళ్లు పశువుల ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరమ్మ వరసగా ప్రశ్నలు వేసింది.

"ఎన్ని కోళ్లకు వచ్చింది? ఎన్నాళ్ల నుంచి? మేత తింటున్నాయా? రెట్ట ఏ రంగులో ఉంది? మెడ తిప్పేస్తున్నాయా? ఏమన్నా చచ్చాయా? కొత్త కోడిని ఏమన్నా తెచ్చారా?"

అన్నిటికీ కోడలు జవాబు చెప్పింది. రెండు కోళ్లకే వచ్చింది. మేత తక్కువ తింటున్నాయి, కానీ తింటున్నాయి. రెట్ట మామూలుగానే ఉంది. మెడ బాగానే ఉంది. ఏదీ చావలేదు.

"గూడు ఎట్లా ఉంది పెద్దమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

అత్త తల వంచుకుంది. "వానలు గదమ్మా. పది రోజులుగా రెట్ట ఎత్తలేదు. గూడంతా చిత్తడి."

"ఇంటికి పోయి గూడు ముందు కోడి అంత ఎత్తుకు వంగి వాసన చూడండి. మీ కళ్లు మండితే కోడి కళ్లూ మండుతున్నట్టే. తడి రెట్ట కుళ్లితే ఘాటు గాలి లేస్తుంది. అది ముక్కునూ గొంతునూ పాడు చేస్తుంది. అప్పుడు రోగం సులువుగా దూరుతుంది. మీ కోళ్లది నిదానంగా వచ్చే గురక రోగంలా ఉంది. మందు ఇస్తాను. మందొక్కటే చాలదు. గూడు ఆరాలి."

గాలికి నోరు తెరిచిన ప్రతి కోడికీ ఒకే రోగం కాదు

డాక్టరమ్మ చెప్పిన తేడాలు ఇవి.

ఎండ దెబ్బ: కోడికి చెమట పట్టదు. ఎండలు ముదిరినప్పుడు అది నోరు తెరిచి రొప్పి ఒళ్లు చల్లార్చుకుంటుంది. రెక్కలు ఒంటికి దూరంగా పెడుతుంది. ముక్కులో చీమిడి ఉండదు. గురక ఉండదు. నీడకు చేర్చి, చల్లని నీళ్లు పెడితే తేరుకుంటుంది.

నిదానపు గురక రోగం: తుమ్ములు, చీమిడి, రాత్రిపూట గురక. కన్ను కింద వాపు. కోడి చిక్కిపోతుంది. గుడ్లు తగ్గుతాయి. ఒకేసారి అన్నీ చావవు, కానీ ఒకదాని నుంచి ఒకదానికి పాకుతుంది. దీనికి మందు ఉంది. తగ్గినట్టు కనిపించినా రోగం కోడి ఒంట్లో దాగి ఉండవచ్చు. గుడ్డు ద్వారా పిల్లకు కూడా పోతుంది. అందుకే ఈ రోగం వచ్చిన పెట్ట గుడ్లను పొదగేయకూడదు.

కోళ్ల మసూచి: తలమీద, జుట్టుమీద, కళ్ల చుట్టూ పొక్కులు లేస్తాయి. కొన్ని కోళ్లకు నోట్లో, గొంతులో తెల్లని పొర కడుతుంది. అప్పుడు గాలి ఆడదు. దోమలు దీన్ని మోస్తాయి. దీనికి వేరే టీకా ఉంది.

కొక్కెర తెగులు: ఇదే పోయినేడు అత్త కోళ్లను తుడిచిపెట్టింది. కోడి నోరు తెరిచి గాలి కోసం ఎగబీలుస్తుంది. ఆకుపచ్చగా, తెల్లగా పారుతుంది. మూలన ముడుచుకొని కునుకుతుంది. రెక్కలు వేలాడతాయి. కాళ్లు పడిపోతాయి. కొన్నింటికి మెడ వంకర తిరుగుతుంది. కొన్ని ఏ గుర్తూ లేకుండానే చస్తాయి. మన దేశంలో ఈ తెగులును మొదట 1927లో గుర్తించారు. ఉత్తరాన హిమాలయాల్లో రాణీఖేత్ అనే ఊరి దగ్గర గుర్తించారు. అందుకే దీన్ని రాణీఖేత్ వ్యాధి అని కూడా అంటారు. ఇది వచ్చాక ఏ మందూ నయం చేయదు. రాకముందు టీకా వేయించడమే దారి.

బర్డ్ ఫ్లూ: ఒక్కసారిగా చాలా కోళ్లు చస్తాయి. జుట్టు నీలంగా మారుతుంది. ముఖం ఉబ్బుతుంది. మన దేశంలో ఇది మొదట 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బయటపడింది. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల్లోనూ వచ్చింది. ఇది మనుషులకు కూడా సోకవచ్చు. ఇట్లాంటప్పుడు కోళ్లను ముట్టుకోవద్దు, కొయ్యవద్దు. పిల్లలను దగ్గరకు రానివ్వవద్దు. వెంటనే పశువుల ఆసుపత్రికి చెప్పాలి.

మొదట్లో కొక్కెర తెగులు కూడా ఉత్త గురకలాగే ఉండవచ్చు. కాబట్టి చూసి మనమే తేల్చుకోకూడదు. వేరు చేసి, డాక్టరును అడగాలి.

ఇంట్లో చేయాల్సిన పనులు

అత్తా కోడళ్లు ఇంటికి వచ్చి పని మొదలుపెట్టారు. రెట్టంతా ఎత్తి దూరంగా గుంటలో వేశారు. గూట్లో పొడి బూడిద చల్లి, ఆ పైన వరి పొట్టు పరిచారు. వాన జల్లు తగిలే వైపు గోనె పట్టా కట్టారు. ఎదురు వైపు పైన గాలి ఆడేలా వదిలారు. గూడు మొత్తం మూసేస్తే వెచ్చగా ఉంటుందని అనుకుంటాం. కానీ లోపల ఘాటు గాలి నిలిచిపోతుంది.

రోజూ ముందు మంచి కోళ్లకు మేత వేశారు. తర్వాతే జబ్బు కోళ్ల దగ్గరికి వెళ్లారు. వచ్చాక చేతులు, కాళ్లు కడుక్కున్నారు. మన కాళ్లకు అంటిన రెట్టతో కూడా రోగం పాకుతుంది.

డాక్టరమ్మ ఇచ్చిన మందును రోజూ తాజా నీళ్లలో కలిపి పెట్టారు. మూడో నాటికి గురక తగ్గింది. "ఇంక మందు ఎందుకు, దాచుకుందాం" అంది అత్త. "వద్దత్తా, చెప్పినన్ని రోజులూ పొయ్యాలి" అంది కోడలు. సగంలో ఆపితే రోగం మళ్లీ లేస్తుంది. ఆ తర్వాత అదే మందు పనిచేయకపోవచ్చు. మందు తాగే కోడి గుడ్లు, మాంసం ఎన్నాళ్లు తినకూడదో కూడా డాక్టరును అడగాలి.

ఒక పెట్ట పూర్తిగా కోలుకుంది. రెండోది బతికింది, కానీ చలి పడితే మళ్లీ గురక పెడుతోంది. దాని గుడ్లను పొదగేయడం లేదు.

సీసాలో వంద కోళ్ల మందు

"మరి కొక్కెర తెగులుకు టీకా పోయినేడే ఎందుకు వేయించలేదత్తా?" అని అడిగింది కోడలు.

"అడిగా. సీసా తెరిస్తే వంద కోళ్లకు వెయ్యాలంట. నావి పద్నాలుగు. మిగతాది పారబోయాలన్నారు. ఊరుకున్నా."

అసలు ఇబ్బంది ఇదే. ఆ టీకా మందు చిన్న సీసాలో కూడా దాదాపు 100 కోళ్లకు సరిపోతుంది. కలిపిన మందును 2 గంటల్లో వాడేయాలి. రేపటికి దాచకూడదు. ఒక్క ఇంటికి అది ఎక్కువ. పది ఇళ్లకు అది సరిగ్గా సరిపోతుంది.

సంఘం కూర్చున్న రోజు అత్త లేచి మాట్లాడింది. ఇంటింటి కోళ్లను లెక్క పెట్టారు. 9 ఇళ్లలో పెద్ద కోళ్లు 94 ఉన్నాయి. జబ్బు కోళ్లకు టీకా వేయకూడదు. అందుకని అత్త తన రెండింటినీ లెక్కలో చేర్చలేదు. మంచు గడ్డలు వేసిన ఫ్లాస్కులో సీసా వచ్చింది. టీకా మందుకు వేడీ, ఎండా తగిలితే చచ్చిపోతుంది. ఆ తర్వాత పొడిచినా లాభం లేదు.

సీసాను కోడలు అత్త చేతికి ఇచ్చింది. "దీని మీద గడువు తేదీ ఉంటుంది. చదువత్తా."

అత్త కళ్లు చికిలించి అంకెలు ఒక్కొక్కటే చదివింది. నెల, సంవత్సరం. గడువు ఇంకా ఉంది. "పొడవండి" అంది. అందరూ నవ్వారు.

పిల్లలకు టీకా వేసే లెక్క ఇది. మీ పుస్తకంలో రాసుకోండి.

పుట్టిన 7వ రోజు: కంట్లో గాని ముక్కులో గాని ఒక చుక్క.
4వ వారం: మళ్లీ ఒక చుక్క.
8వ వారం: రెక్క కింద సూది మందు.
ఆ తర్వాత ఎప్పుడు వేయించాలో డాక్టరును అడగాలి.

ఇప్పుడు అత్త కొత్త కోడిని కొంటే 2 వారాలు విడిగా ఉంచుతోంది. రోజూ రాత్రి పడుకోబోయే ముందు గూడు దగ్గర ఆగి ఒక్క నిమిషం వింటోంది.

గుర్తుంచుకుందాం

రాత్రిపూట గూడు దగ్గర చెవి పెట్టి వినాలి.
గురక వినపడితే ఆ కోడిని వెంటనే వేరు చేయాలి.
జబ్బు కోడిని అమ్మకూడదు. పక్కింటికి ఇవ్వకూడదు.
చచ్చిన కోడిని కాలవలో, చెరువులో పారేయకూడదు. లోతుగా గుంట తీసి, సున్నం చల్లి పూడ్చాలి.
టీకా అందరం కలిసి వేయించుకోవాలి.

మాట్లాడుకుందాం

1. అత్త తన కోళ్లను సంతలో అమ్మి ఉంటే ఏమయ్యేది? ఎవరు నష్టపోయేవారు?
2. మీ వాడలో ఎన్ని ఇళ్లలో కోళ్లు ఉన్నాయి? మొత్తం ఎన్ని? లెక్క రాయండి.
3. ఈ రాత్రి మీ గూడు దగ్గర ఆగి వినండి. ఏం విన్నారో రేపు చదువుల దగ్గర చెప్పండి.