ఫ్యాక్టరీ ఆటలో కరెంటు, మన బోరు దగ్గర కరెంటు

వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చే పాఠం ఒకటి రాయమని తమ్ముళ్ళు అడిగారు. నేను చదివేది పవర్ సిస్టమ్స్ కాబట్టి కరెంటు గురించే రాస్తున్నాను. అయితే పాఠం పుస్తకంతో కాకుండా, రాత్రి భోజనాలయ్యాక మీరంతా ఒక్క లాప్‌టాప్ చుట్టూ చేరి ఆడే ఫ్యాక్టోరియో ఆటతో మొదలుపెడతాను.

తెలియనివారి కోసం రెండు మాటలు. ఇది చెక్ దేశానికి చెందిన వూబ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన ఆట. పూర్తి రూపం 2020 ఆగస్టులో వచ్చింది. వేరే గ్రహం మీద చిక్కుకున్న మనిషి ఇనుము, రాగి, బొగ్గు తవ్వుకుంటూ ఫ్యాక్టరీ కట్టాలి. బాయిలరులో బొగ్గు మండితే ఆవిరి ఇంజను తిరుగుతుంది, స్తంభాలు పాతితే కరెంటు పారుతుంది. ఒక ఆవిరి ఇంజను 900 కిలోవాట్లు ఇస్తుంది. మన 5 హెచ్‌పీ బోరు మోటారు సుమారు నాలుగున్నర కిలోవాట్లు లాగుతుందనుకుంటే, ఆ ఒక్క ఇంజనుతో 200 మోటార్లు నడుస్తాయి.

ఆటలో ఒక విషయం చాలా నిజంగా ఉంది. బొగ్గు తవ్వే యంత్రాలూ, దాన్ని బాయిలరులో వేసే చేతులూ కరెంటుతో నడిచేవైతే వాటికీ ఆ కరెంటే కావాలి. కరెంటు తగ్గితే బొగ్గు తగ్గుతుంది, బొగ్గు తగ్గితే కరెంటు ఇంకా తగ్గుతుంది, చివరికి అంతా ఆగిపోతుంది. నిజమైన థర్మల్ కేంద్రమూ అంతే. బొగ్గు పిండి చేసే మిల్లులకూ, పంపులకూ కరెంటు లేకపోతే అది తనంతట తాను లేవలేదు. అందుకే గ్రిడ్ మొత్తం పడిపోయినప్పుడు, నీళ్ళ గేటు తెరిస్తే తిరిగే జలవిద్యుత్ కేంద్రాలతో మళ్ళీ మొదలుపెడతారు.

ఇక ఆటలో లేనివి నాలుగు.

1. దూరం. ఆటలో ఎంత దూరం స్తంభాలు వేసినా ఒక్క యూనిట్ కూడా పోదు. మన హిమాయత్‌నగర్ నుంచి లిబర్టీ మీదుగా నడిచివెళ్తే వచ్చే హుస్సేన్‌సాగర్ ఒడ్డున 1920లో నిజాం కాలంలో థర్మల్ కేంద్రం పెట్టారు. ఇప్పుడది లేదు. అప్పుడు కరెంటు పుట్టేది వాడే ఊళ్ళోనే. రామగుండం మనకు సుమారు 200 కిలోమీటర్లు. తీగలో నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. 1 మెగావాట్‌ను 400 వోల్టుల త్రీ ఫేజ్‌లో పంపితే దాదాపు 1,443 ఆంపియర్లు పారాలి, 11 కేవీలో పంపితే 52.5 చాలు. వోల్టేజి 27.5 రెట్లు పెరిగితే అదే తీగలో నష్టం 756వ వంతుకు పడిపోతుంది. హైటెన్షన్ లైన్లు ఎందుకో ఈ ఒక్క లెక్కతో తెలుస్తుంది.

2. స్టార్టింగ్. ఆటలో మోటారు ఆన్ చేసినా, నడుస్తున్నా తీసుకునేది ఒకటే. నిజానికి ఇండక్షన్ మోటారు నేరుగా స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలు కంటే 5 నుంచి 7 రెట్లు కరెంటు లాగుతుంది. కరెంటు రాగానే ఆటో స్టార్టర్లున్న మోటార్లన్నీ ఒకేసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎంత భారమో ఊహించండి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను కోరారు.

3. యాభై. మన కరెంటు ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్. గ్రిడ్‌లోని టర్బైన్లన్నీ ఒకే కాడికి కట్టిన ఎడ్ల లాంటివి. బరువు పెరిగితే అన్నీ కలిసి నెమ్మదిస్తాయి, ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది. బరువు తగ్గితే పరుగెడతాయి. కాబట్టి పుట్టించేదీ, వాడేదీ ప్రతి క్షణం సమానంగా ఉండాలి. 2020 ఏప్రిల్ 5న రాత్రి 9 గంటలకు దేశమంతా 9 నిమిషాలు లైట్లు ఆర్పినప్పుడు వాడకం సుమారు 31,000 మెగావాట్లు పడిపోయింది. జలవిద్యుత్ కేంద్రాలను వెంటనే తగ్గించి, మళ్ళీ పెంచి గ్రిడ్‌ను నిలబెట్టారు.

4. కోత. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద లోటు ఇదే. ఆటలో కరెంటు చాలకపోతే యంత్రాలన్నీ సమానంగా నెమ్మదిస్తాయి. నిజంలో అలా వదిలేస్తే గ్రిడ్ కూలిపోతుంది. అందుకే కొన్ని ఫీడర్లను పూర్తిగా ఆపేస్తారు. ఏ ఫీడరు? అది మనుషులు తీసుకునే నిర్ణయం.

2012లో ఉమ్మడి రాష్ట్రంలో కోతలు తీవ్రంగా ఉన్నప్పుడు నాకు పదేళ్ళు. మా పొలానికి త్రీ ఫేజ్ కరెంటు అర్ధరాత్రి దాటాక వచ్చేది. నాన్న టార్చి పట్టుకుని మోటారు వేయడానికి వెళ్ళేవాడు. తిరిగొచ్చే చెప్పుల చప్పుడు వినపడేదాకా అమ్మ పడుకునేది కాదు. పగలు కరెంటు ఎవరికి పోతుంది, మాకు రాత్రే ఎందుకొస్తుంది అని అడిగితే నాన్న, "అది మన చేతుల్లో లేదురా" అనేవాడు. ఎవరి చేతుల్లో ఉందో ఇంజనీరింగ్‌లో చేరాక తెలిసింది. లోడ్ డిస్పాచ్ గురించి మొదటిసారి చదివిన రోజు నాకు గుర్తొచ్చింది ఆ టార్చి వెలుగే.

తమ్ముళ్ళూ, ఇప్పుడు మీకొక అభ్యాసం. ఆటలో పవర్ స్విచ్ ఉంది. అక్యుములేటర్ తనలో ఎంత శాతం మిగిలిందో సిగ్నల్‌గా ఇస్తుంది. ఆ శాతాన్నే ఫ్రీక్వెన్సీ అనుకోండి. ఫ్యాక్టరీని నాలుగు ఫీడర్లుగా విడగొట్టండి. 50 శాతం కంటే తగ్గితే ఒకటి, 30 కంటే తగ్గితే ఇంకొకటి ఆగేలా స్విచ్‌లు కలపండి. బొగ్గు, బాయిలరు ఉన్న ఫీడరును మాత్రం ఎప్పుడూ ఆపకండి. మిగతా మూడింటిలో ముందు దేన్ని ఆపుతారో, ఎందుకో కాగితం మీద రాయండి. తర్వాత ప్రతిసారీ అదే ఆగకుండా వంతులు మారేలా అమర్చండి. ఆట కష్టమవుతుంది, కానీ నిజానికి దగ్గరవుతుంది.

మనలో చాలామందిమి కోతపడ్డ ఫీడరు చివరి ఇళ్ళనుంచి వచ్చినవాళ్ళమే. రేపు మీలో ఎవరైనా కంట్రోల్ రూములో కూర్చుని స్విచ్ మీద చెయ్యి వేసే రోజు వస్తే, ఆ తీగ చివర టార్చి పట్టుకుని ఒక మనిషి నడుస్తున్నాడని గుర్తుంచుకోండి. రాసుకున్న కాగితాలు ఆదివారం నా రూముకు తీసుకురండి, కలిసి చూద్దాం.

– ఎం.టెక్. (పవర్ సిస్టమ్స్), రెండో సంవత్సరం