ఇంటివద్ద ఆంగ్లపు చూపుమాటలు

తెలుగు నేర్చు బిడ్డకు అక్షరములు, గుణింతములు, ఒత్తులు వచ్చినచో ఇక చదువలేని మాట దాదాపుగా నుండదు. కకారమునకు కొమ్మిచ్చిన 'కు' యగునే గాని వేరొకటి కానేరదు. ఆంగ్లమున ఈ న్యాయము పూర్తిగా చెల్లదు. ఎస్, ఏ, ఐ, డి అను నాలుగక్షరములు చేరి 'సెడ్' అగుచున్నవి. ఓ, ఎన్, ఇ చేరి 'వన్' అగుచున్నది; అందలి వకార మెచటనుండి వచ్చెనని బిడ్డ యడిగినచో ఉపాధ్యాయుడును నవ్వి యూరకుండవలసినదే. ఇట్టి మాటలను, పుటపుటకు వచ్చెడి చిన్న మాటలను కూడబలుకుకొనక చూచినంతనే చదువగలుగవలెను. వీనినే చూపుమాటలందుము. అమెరికా దేశపు ఆచార్యుడు ఎడ్వర్డ్ విలియం డోల్చ్ 1936లో ఇట్టివి 220 ఏర్చి ప్రకటించెను.

2022-23 విద్యాసంవత్సరమున తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఒకటవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు ఆంగ్ల మాధ్యమము ప్రవేశపెట్టబడినది. నాటినుండి ఈ చిన్న మాటల భారము మా తొగుట వంటి పల్లెలలో ప్రతి యింటికిని చేరినది. "మాకు ఇంగ్లీషు రాదు సారూ, మేమేం జెప్తం?" అని పొలమునుండియు, బీడీల చేటలయొద్దనుండియు వచ్చిన తల్లులు మమ్ము అడుగుచుందురు. ఆంగ్లము రాని తల్లియు ఈ పని చేయింపగలదని మా దృఢాభిప్రాయము.

ఎట్లనగా, పాత పెండ్లిపత్రికల వెనుకనున్న తెల్లని భాగమును చీటీలుగా కత్తిరింపవలెను. ఒక ప్రక్క ఆంగ్లపు మాటను పెద్ద అక్షరములతో ఉపాధ్యాయునిచేతనో, పెద్ద పిల్లలచేతనో వ్రాయించి, రెండవ ప్రక్క దాని పలుకుబడిని తెలుగులిపిలో వ్రాయింపవలెను. తల్లి ఆంగ్లపు ప్రక్కను బిడ్డకు చూపి, తెలుగు ప్రక్కను తాను చూచుకొనును. బిడ్డ పలికినది సరియో కాదో అప్పుడే తెలియును. తెలుగు వ్రాత బిడ్డకు కనబడరాదు. కనబడినచో కన్ను దానిమీదికే పోవును, ఆంగ్లమును చూడనే చూడదు.

చూపుమాటను బొమ్మవలె జ్ఞాపకముంచుకొన్న చాలునని కొందరందురు. ఇది సరికాదు. అక్షరములు ధ్వనులతో ముడివడినప్పుడే మాట మనస్సున నాటుకొనునని లిన్నియా ఏరీ అను అమెరికా విదుషి చిరకాలపు పరిశోధనవలన చూపినది. 'సెడ్' అను మాటలో ఎస్, డి అక్షరములు క్రమము తప్పలేదు. నడిమి రెండు మాత్రమే దారి తప్పినవి. ఆ రెంటి క్రింద బిడ్డచేతనే గీత గీయించినచో జ్ఞాపకముంచుకొనవలసినది ఆ గీతమీదిది మాత్రమే యగును.

అర్థము విషయమున మన తల్లులకొక సదుపాయము కలదు. ఆంగ్లము మాటకు ముందు చెప్పెడి 'ఇన్', 'టు', 'ఫర్' అనువానిని తెలుగు మాట చివర లో, కు, కొరకు అని చేర్చి చెప్పుచున్నది. తల్లి "గంపలో" అనగానే బిడ్డ 'ఇన్' చీటీని, "బడికి" అనగానే 'టు' చీటీని తీయవలెను. బిడ్డలు దీనిని ఆటగానే తలంతురు. 'ది' అను మాటకు మాత్రము తెలుగున సరియైన మాట లేదు. దానిని ఒంటరిగా నేర్పుట వృథా. ఆంగ్లమును తెలుగును ఎదురెదురు పుటలలో ముద్రించిన ద్విభాషా పాఠ్యపుస్తకములు బిడ్డల సంచులలో నున్నవి గదా! ఆంగ్లపు పుటలో 'ది' ఎన్నిమారులు వచ్చినదో లెక్కింపించి, ఎదుటి తెలుగు పుటవలన ఆ వాక్యముల భావము తల్లియే చెప్పవచ్చును.

దినమునకు మూడు నాలుగు చీటీలకు మించరాదు. పది నిమిషములు చాలును; నిద్రకు తూగు బిడ్డను కూర్చుండబెట్టరాదు. రాని మాటకు కోపించిన బిడ్డ చీటీని చూచుట మాని తల్లి ముఖమును చూచును. అట్టి మాటను మీరే పలికి, మరునాటి చీటీలలో చేర్పుడు. వచ్చిన చీటీలను అగ్గిపెట్టెలో దాచి వారమునకొకమారు తిరిగి చూపుడు. అంగడినుండి తెచ్చిన సబ్బు కాగితమును, బిస్కత్తుల పొట్లమును పారవేయకమునుపు బిడ్డ చేతికిండు; 'విత్', 'అండ్', 'ఫర్' అను మాటలు వానిమీద తరచుగా దొరకును.