రేవులోని పడవల చిత్రాన్ని ఎలా చూడాలి?

ప్రశ్న: రేవులో చేపల పడవలను చూపే ఇంప్రెషనిస్టు చిత్రంలో రూపాలు మసకగా ఎందుకుంటాయి? దాన్ని ఎలా ఆస్వాదించాలి?
– ఒక పాఠకుడు, చింతమడక, సిద్దిపేట జిల్లా

జవాబు: ఇంప్రెషనిజం అంటే వస్తువు కచ్చితమైన ఆకృతికన్నా, ఒక క్షణపు వెలుగులో అది కంటికి కలిగించే అనుభూతిని చిత్రించే పద్ధతి. ఈ శైలికి పేరు తెచ్చిన ‘ఇంప్రెషన్, సన్‌రైజ్’లో క్లాడ్ మోనే 1872 నాటి ఫ్రాన్స్‌లోని లె హావ్ర్ రేవును చూపగా, పడవలు నీలి నీడలుగా, సూర్యకాంతి నీటిపై విడివిడి నారింజ కుంచె గీతలుగా కనిపిస్తాయి. దగ్గరగా ఆ గీతలనూ, నాలుగడుగులు వెనక్కి జరిగి అవి కలిసి అలలుగా మారడాన్నీ గమనించాలి. సిద్దిపేట చిత్రకారుడు కాపు రాజయ్య (1925–2012) పల్లె జీవనాన్ని స్పష్టమైన రేఖలతో చిత్రించారు కనుక, ఆ చిత్రాలతో పోల్చి చూస్తే రేఖ పలికేదేమిటో, వెలుగు పలికేదేమిటో తేటపడుతుంది. తెల్లవారుజామున చెరువు నీటిని తదేకంగా చూసిన కంటికి ఆ మసక లోపంగా కాక సత్యంగానే తోస్తుంది.