బురద నిండిన యిల్లు

పఠన భాగము: లేవీయకాండము 14:33–48

వరద తీసిన పిమ్మట పొరుగువాని యిల్లు శుద్ధిచేయు సేవకు లేఖనాధారము వెదకువారు సాధారణముగా మంచి సమరయుని యొద్దకు పోవుదురు. అంతకంటె దగ్గరి భాగమొకటి కలదు. సంఘములలో అది అరుదుగా చదువబడును. గోడలమీద పచ్చని లేక యెఱ్ఱని చారలు పుట్టి లోపలికి దిగిన యింటిని గూర్చిన విధి అది. నీరు నిలిచిన యిండ్లను చూచినవారికి ఆ చారలు క్రొత్తవి కావు.

2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు మళ్లింపు కాలువ గట్లు తెగగా విజయవాడలోని సింగ్‌నగర్ మొదలైన పేటలు దినముల తరబడి నీటిలోనుండెను. అదే సమయమున ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణానది 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించెను. నీరు తీసిన పిమ్మట వీధులను, ఇండ్లను కడుగుటకు అగ్నిమాపక శకటములు వచ్చెను. అయితే మంచము క్రింది బురదను, బీరువా అరలలోని బురదను మనుష్యుల చేతులే తీయవలెను. సంఘ యువజనులు పారలు, చీపుళ్లు పట్టుకొని పోవలసిన చోటు అదియే.

35వ వచనము గమనింపదగినది. ఇంటి యజమానుడు తానే వచ్చి యాజకునికి తెలియజేయును; యాజకుడు పిలువని యింటిలో చొరబడడు. ఉత్సాహము గల పడుచువారు దీనినే మరతురు. తరువాతి వచనము మరింత మృదువైనది. యాజకుడు లోపలికి రాకమునుపే సామానంతయు బయటపెట్టవలెను. ఏలయనగా అతడు చూచి తీర్పు చెప్పినయెడల ఇంటిలోనున్న సమస్తమును అపవిత్రమగును. బీదవాని కుండయు చాపయు దక్కవలెనని ధర్మశాస్త్రమే త్రోవ చూపుచున్నది!

కాబట్టి గృహిణి చూడనిదే ఏ వస్తువునైనను చెత్తకుప్పమీద వేయరాదు. పరుపు పారవేయవలసినదే, కాని దాని క్రింద ఆమె దాచినదేమో ఆమెకే తెలియును. తడిసి అంటుకొనిన ఫోటోలను లాగి విడదీయక, మంచినీటిలో నానబెట్టి మెల్లగా వేరుచేసి, బొమ్మ పైకుండునట్లు నీడను ఆరబెట్టవచ్చును. హిందూ గృహమైనయెడల దేవుని గూటిలోని పటములను ఇంటివారినే తీయుమని కోరుట మర్యాద. ఆ దినమున చేతిలో కరపత్రముల కట్ట ఉండనక్కరలేదు. ఇల్లు పోయినవాడు ఎదురు చెప్పగల స్థితిలో లేడు. అట్టివానికి వినిపించు బోధ బలవంతమువంటిది.

పిమ్మట విధి పనుల క్రమమును చెప్పును: చెడిన రాళ్లు తీయుట, గోడ గీయుట, క్రొత్త అడుసు పూయుట. ఇక్కడను క్రమము తప్పరాదు. మెయిను స్విచ్చి తీసివేయక నీళ్లు కొట్టరాదు. ఎలుకల మూత్రము కలిసిన నీటివలన ప్రాణాంతకమైన జ్వరము రాగలదు గనుక కాలికి పుండున్నవాడు బురదలో దిగరాదు; తక్కినవారు మోకాలి బూట్లు తొడుగుకొనవలెను. బురదను తడిగానున్నప్పుడే ఎత్తవలెను. ఎండినచో పలుగు కావలసివచ్చును. బ్లీచింగు పొడి చివరి పని, బురదలో దాని శక్తి నశించును. మరుగుదొడ్లు కడుగు యాసిడ్‌తో దానిని కలిపినయెడల విషవాయువు పుట్టును.

ఈ భాగములో పలువురు దాటిపోవు సంగతి యాజకుని రాకపోకలు. మొదటిసారి చూచి ఏడు దినములు ఇల్లు మూయించును. ఏడవ దినమున మరల వచ్చును. గోడ క్రొత్తగా పూసిన పిమ్మట ఇంకొకసారి వచ్చును. సహాయక బృందములు మొదటి వారమున వీధులు నింపును. మూడవ వారమున పేటలో ఎవరును కానరారు. ఇటుకగోడ లోపలి తడి ఆరుటకు వారములు పట్టును. అంతకుముందు రంగు వేసినచో పెచ్చులూడును. సంఘము రెండవమారు పోవునప్పుడు పార అక్కరలేదు. గోడ ఆరినదా, ఫ్రిజ్జును మెకానిక్కు చూచెనా, పిల్లవాని టెన్త్ సర్టిఫికెట్టు నకలుకై దరఖాస్తు వ్రాయగలవారెవరైన ఇంటనున్నారా అని అడిగి, లేనియెడల అక్కడనే కూర్చుండి వ్రాసిపెట్టవచ్చును.